తోక తెగిన పావు పేజీ

పెద్దాయన పెన్సిలు తీసుకుని మొదటి పేరా మొత్తానికీ అడ్డంగా ఒక గీత లాగాడు. గీత వంకర పోయింది కానీ, ఒక్క మాట కూడా దాన్ని తప్పించుకోలేకపోయింది.

"ఇదంతా ఎవరి కోసం?"

"పరిచయం మాస్టారూ. లిఫ్టు ఆపరేటరు అంటే ఏం చేస్తాడో..."

"లిఫ్టంటే తెలియనివాడు మన పత్రిక కొనడమ్మాయ్. కొన్నా నవ్వడు. రెండో పేరాతో మొదలెట్టు."

ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది. పెద్దాయన గదిలో రెండు కుర్చీలు, ఒక బల్ల, ఎండకి రంగు వెలిసిన కిటికీ తెర. ఆ రెండో కుర్చీ ఆయన భార్యది. ఆవిడ పోయాక ఆయన రాయడం మానేశాడు. వారపత్రిక మాత్రం "పావు పేజీ" శీర్షిక మీద ఆయన పేరూ, నవ్వుతున్న పాత ఫోటో వెయ్యడం మానలేదు. ఏడాదిగా ఆ ఫోటో కింద వస్తున్నదంతా ఈ అమ్మాయి రాసిందే. ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ ప్రూఫమ్మ అంటారు. "ఈ సంగతి నీకూ, నాకూ, ఆయనకీ తెలిస్తే చాలు. గోడకి తెలిసినా సబ్‌ఎడిటర్ పోస్టు మాట మర్చిపో," అని ఎడిటరు మొదట్లోనే చెప్పాడు. ఇంట్లో కూడా చెప్పలేదామె.

"ఇక్కడ 'నాకు తెగ నవ్వొచ్చింది' అన్నావు," పెద్దాయన పెన్సిలు కొనని ఆ మాట మీద ఆనించాడు. "నువ్వే నవ్వేస్తే చదివేవాడికి ఇంక పనేముంది? తియ్యి."

తీసేసింది.

"ఇక చివర. 'గ్రౌండ్ ఫ్లోర్ అండీ అని సమాధానం చెప్పాడు.' మన వాక్యానికి ఇదో జబ్బు. క్రియ వచ్చి చివర కూర్చుంటుంది, గిన్నె మీద మూతలాగా. నవ్వు లోపలే ఉడికిపోతుంది. చెప్పాడన్నది ముందే చెప్పెయ్. నవ్వొచ్చే మాట ఆఖర్న పెట్టి, చెయ్యి తీసెయ్."

ఆమె మార్చి రాసి, పైకి చదివింది.

"మా వీధిలో ఒకాయన లిఫ్టు ఆపరేటరు. పొద్దస్తమానం స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకి తీసుకెళ్ళి, తను మాత్రం కిందే దిగుతాడు. ఇంట్లోనూ ఆయనకి అదే పని. వంటింట్లోకి ముగ్గురు వెళ్తే 'ఓవర్‌లోడు, ఒకరు బయటికి రావాలి' అంటాడు. చుట్టాలొస్తే తలుపు పట్టుకుని 'ఎక్కడికండీ?' అంటాడు. భార్య కోప్పడిందంటే గుమ్మం వైపు తిరిగి, తలుపు పైన గోడకేసి చూస్తూ నిలబడతాడు, అంకెలు మారతాయని. ఆవిడ అలిసిపోయాక, దిగాల్సినవాళ్ళు దిగిపోయినట్టు పక్కకి జరుగుతాడు. ఆవిడంటుంది: 'మొగుణ్ణి చూడండ్రా అంటే మావాళ్ళు స్టూలుని చూశారు!'

మొన్న నేనూ మా తమ్ముడూ ఆయన లిఫ్టులోనే తగువు పడ్డాం, ఆరో అంతస్తు నుంచి కిందిదాకా, మా నాన్న నాటి సంగతులతో సహా. దిగేటప్పుడు సిగ్గేసి, ఏమైనా విన్నారా అని అడిగితే ఆయనన్నాడు: 'గ్రౌండ్ ఫ్లోర్ అండీ.'"

పెద్దాయన ముక్కులోంచి ఒక్కసారి గాలి వదిలాడు. ఈ మధ్య ఆయన నవ్వంటే అంతే. ప్రూఫమ్మకి అది చాలు. అసలైన నవ్వు ఆమెకి ఆదివారం పొద్దున దొరుకుతుంది. నాన్న స్నానం చేసి, గుమ్మం పక్కన కూర్చుని "పావు పేజీ" పైకి చదువుతాడు. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగురుతాయి. ఏ వాక్యానికి భుజాలు ఎగిరాయో, ఎక్కడ ఎగరలేదో వంటింట్లో కూరలు తరుగుతూ ఆమె చూసుకునేది. పెద్దాయన దగ్గర నేర్చుకున్న దాన్ని అక్కడ సరిచూసుకునేది.

ఈసారి రాసింది నాన్న గురించే. ఆ చివరి మాట దగ్గర నాన్న పత్రిక ఒళ్ళో పడేసి మరీ నవ్వుతాడని ఆమె ధైర్యం.

*

పేజీలు కట్టే ఆయన్ని ఆఫీసంతా బాబాయి అంటుంది. జీవితమంతా వార్తలు కత్తిరించిన మనిషి. చోటు చాలకపోతే కింద నుంచి కోసెయ్యడం ఆయనకి చేతి అలవాటుగా అబ్బిన విద్య. వార్తలో ముఖ్యమైనదంతా పైనే ఉంటుంది కాబట్టి, కింద ఎంత పోయినా ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం ప్రూఫమ్మ పేజీ చూసి, అక్షరం అక్షరం సరిచేసి, మూల సంతకం పెట్టి బస్సుకి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక పరుపుల కంపెనీ ప్రకటన ఒకటి వచ్చింది. బాబాయి స్క్రీను మీద కొలత చూసుకున్నాడు. పావు పేజీలో కింది పేరా తీసేస్తే పరుపు సరిగ్గా పట్టింది.

ఆదివారం నాన్న తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కళ్ళజోడు తుడిచి, గొంతు సవరించుకున్నాడు. ఆమె వంటింట్లో కత్తి పట్టుకుని చెవులు రెండూ అటే పెట్టింది.

"మా వీధిలో ఒకాయన లిఫ్టు ఆపరేటరు... ఓరి, ఇదేమిటి, మా వాళ్ళ మీద రాశాడే!"

మొదటి వాక్యానికి భుజాలు ఎగిరాయి. ఓవర్‌లోడు దగ్గర ఎగిరీ ఎగరనట్టు ఆగాయి. గోడకేసి చూడటం దగ్గర గొంతు నెమ్మదించింది. స్టూలు మాట చదివి ఆగిపోయాడు. పేజీ తిప్పి చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. కింద పరుపు మీద ఒక కుటుంబం హాయిగా పడుకుని ఉంది.

"అయిపోయిందా?" అన్నాడు, ఎవర్నీ కాదు.

ఆమె చేతులు తుడుచుకోకుండానే వచ్చి పత్రిక అందుకుంది. చివరి పేరా లేదు.

అమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "అదేమిటే? ఆ స్టూలు మాట నేనంటానే! ఆ రాసేవాడికి ఎలా తెలిసిందీ?"

"నువ్వేమైనా పేటెంటు తీసుకున్నావా ఆ మాట మీద? ఊళ్ళో ఎంతమంది పెళ్ళాలు, ఎన్ని స్టూళ్ళు," అన్నాడు నాన్న. పత్రికని నాలుగు మడతలు పెట్టాడు. ఎప్పుడూ అలా మడిచేవాడు కాదు. దాచుకునేవాడు.

"నాన్నా, అది..." అంది ఆమె.

"ఏమ్మా?"

సబ్‌ఎడిటర్ పోస్టు గొంతుకి అడ్డంపడింది. "ఏం లేదు. కింద ఏదో పోయినట్టుంది. అచ్చుతప్పు."

"తప్పేముందిలే. చక్కగానే రాశాడు," అని నాన్న లేచి, చొక్కా వేసుకుని, ఏ పనీ లేకుండానే బయటికి వెళ్ళాడు.

*

"కింద నుంచే కదమ్మా కొయ్యాలి?" అన్నాడు బాబాయి నిజంగానే అర్థంకాక. "పై నుంచి కోస్తే తల పోతుంది."

"దీనికి తల కిందే ఉంది బాబాయ్."

"ఆ సంగతి పైన రాసుండాల్సింది మరి."

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఆమె ఎడిటర్ గదిలోకి వెళ్ళింది. ఎడిటరు ఫోను పెట్టేసి, రెండు చేతులూ చాపాడు.

"రావమ్మా! ఏం రాశావు! పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు. 'మొగుణ్ణి చూడండ్రా అంటే స్టూలుని చూశారు.' ఏం ముగింపమ్మా అది!"

"అది ముగింపు కాదండీ. ఇంకో పేరా ఉంది, కోసేశారు. వచ్చే సంచికలో అదొక్కటీ వేద్దామండీ, సవరణగా."

ఎడిటరు కొంచెంసేపు ఆమె ముఖం చూసి, పెద్దగా నవ్వాడు. "జోకుకి సవరణా! 'గతవారం మీరు నవ్విన చోట నవ్వవలసింది కాదు, చింతిస్తున్నాం' అని వేద్దామా? అదీ బాగానే ఉంటుంది, రాసుకో, ఎప్పుడైనా వాడుకుందాం." నవ్వు ఆపి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "చూడూ, ఆ స్టూలాయన జనానికి పట్టేశాడు. ఇంకో రెండు మూడు వారాలు లాగు. స్టూలాయన పెళ్ళికెళ్ళాడు, స్టూలాయన బస్సెక్కాడు... పోస్టు కాగితం పైకి పంపే టైము కూడా ఇదే. నా మాట నిలబెట్టు."

ఆమె తన బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎదురుగా దిద్దాల్సిన వంటల పేజీ. "చిటికెడు ఉప్పు"లో ఉప్పు పోయింది. పెన్ను పట్టుకుని, దిద్దకుండా చాలాసేపు దానికేసే చూసింది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న మంచం మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. అమ్మ మోకాళ్ళ మీద వేడినీళ్ళ సంచి పెడుతోంది.

"ఏమైంది?"

"ఏమవుతుంది, రోజంతా నిలబడితే? స్టూలు తీసి మెట్ల కింద పెట్టేశారట మీ నాన్న," అంది అమ్మ. "ఐదో అంతస్తు గుమాస్తాలు ఆ కాగితం తెచ్చి లిఫ్టులోనే అంటించారట. ఎక్కినవాడల్లా చదవడం, ఈయన్ని చూడటం. పీకి పారెయ్యండీ అంటే వినరు."

"పీకితే అది నేనేనని ఒప్పుకున్నట్టు కాదూ?" అన్నాడు నాన్న కళ్ళు మూసుకునే. "నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు."

"నాలుగు రోజులు పోతే మోకాళ్ళు మర్చిపోతాయి నిలబడటం!" అంది అమ్మ. గొంతు పెద్దదయింది. మామూలుగా అయితే ఈపాటికి నాన్న తలుపు పైకి చూసేవాడు. ఈసారి చూడలేదు. అటు తిరగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మెడ మధ్యలోనే ఆపి, కళ్ళు దించి దుప్పటి అంచు సర్దుకున్నాడు.

అమ్మ అది చూసింది. నీళ్ళ సంచి చల్లారకుండానే తీసుకుని, మళ్ళీ వేడిచేసి తెస్తానని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

"ఎవరమ్మాయ్ ఆయన?" అన్నాడు పెద్దాయన.

"మా నాన్న."

పెద్దాయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. అది దొర్లబోతే వేలు అడ్డం పెట్టి ఆపాడు. "వీధిలో ఒకాయన అని రాశావే?"

"మీ పేరు మీద కదా మాస్టారూ. మీ నాన్న లిఫ్టు నడిపినట్టు ఎలా రాస్తాను?"

"నిజమే. నా పేరు వేస్తున్నందుకు నెలనెలా వాళ్ళు నాకు పంపిస్తున్నారు. నేను పుచ్చుకుంటున్నాను. కాబట్టి నీకు నీతులు చెప్పే స్థానంలో నేను లేను. రాత సంగతైతే చెప్పగలను. చెప్పనా?"

"చెప్పండి."

"పై పేరా అంతా ఆయన్ని కింద పడేశావు. చివరి మాటతో లేపుదామనుకున్నావు. చివరి మాట ఎవడైనా కొయ్యొచ్చు. పరుపులవాడు కొయ్యొచ్చు, బస్సొచ్చిందని చదివేవాడే కోసుకోవచ్చు. అంతవరకూ ఆ మనిషిని కిందే ఉంచేస్తే ఎలా? ఏ వాక్యం దగ్గర ఆపినా ఆయన ఆయనలాగే నిలబడి ఉండాలి." ఆగి, ముక్కు రుద్దుకున్నాడు. "నేనూ చూసుకోలేదులే. నాకూ ఆ ఆఖరి మాట మీదే కన్ను. నువ్వెప్పుడైనా ఆయన లిఫ్టెక్కావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు ఎక్కించమని ఏడిస్తే, అది ఆఫీసుల బిల్డింగమ్మా, పనున్నవాళ్ళు ఎక్కేది అని నాన్న చెప్పాడు. తర్వాత ఎప్పుడూ పని పడలేదు.

"ఎక్కకుండానే రాశావన్నమాట," అన్నాడు పెద్దాయన.

*

మర్నాడు పొద్దున ఆఫీసులు తెరిచే వేళకి ఆమె ఆ బిల్డింగు కింద వరసలో నిలబడింది. ముందు ఇద్దరు గుమాస్తాలు, ఫైళ్ళు గుండెకి హత్తుకున్న ఒక పెద్ద వయసు టైపిస్టు, ఇంకొకరిద్దరు. లిఫ్టు దిగింది. తలుపు తెరుచుకుంది. నాన్న ఇస్త్రీ చొక్కాలో, ఒక చెయ్యి మీటల దగ్గర పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమెను చూశాడు. కనురెప్ప కూడా వెయ్యలేదు.

"ఎన్నో అంతస్తమ్మా?"

ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడిగినట్టే అడిగాడు. స్టూలాయన కూతురని ఎవరూ అనుకోకూడదని అలా అడిగాడని ఆమెకి ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది.

"పైదాకా," అంది.

"ఏమండోయ్, స్టూలుగారు ఇవాళా సెలవేనా?" అన్నాడు గుమాస్తాల్లో ఒకడు. రెండోవాడు కిసుక్కుమన్నాడు. నాన్న మీట నొక్కాడు. తలుపు మూసుకుంది.

అది స్టీలు తలుపు. ఏళ్ళ తరబడి తుడిచి తుడిచి అద్దంలా అయింది. వెనక నిలబడ్డవాళ్ళందరూ అందులో నిలువునా కనిపిస్తున్నారు. టైపిస్టు కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం కనిపిస్తోంది. ఒకాయన చొక్కా బొత్తాం విప్పి లోపల గోక్కోవడం కనిపిస్తోంది. ఎవరూ చూడటంలేదనుకుని మనుషులు పెట్టే మొహాలన్నీ ఆ తలుపు మీద ఉన్నాయి. ఆ తలుపుకి మూరెడు దూరంలో నాన్న మొహం. ఇన్నేళ్ళూ నాన్న పైన అంకెలకేసి ఎందుకు చూశాడో ఆమెకి అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నాన్న పైకి చూడటం లేదు. పైకి చూస్తే నవ్వుతారు. పక్కకి తిరిగితే అంటించిన కాగితం. అందుకని తిన్నగా తలుపుకేసే చూస్తున్నాడు. ఆయన వెనక గుమాస్తా మెడ నిక్కించి, నోరు కొంచెం తెరిచి, పైకి గుడ్లప్పగించి నాన్నని అనుకరిస్తున్నాడు. తలుపులో ఆ ఆట మొత్తం కనిపిస్తోంది. నాన్న దాన్నీ చూస్తున్నాడు.

"అది రాసింది నేను," అంది ఆమె.

గుమాస్తా మెడ దించాడు. "ఏదండీ?"

"అక్కడ అంటించింది."

"అది పెద్దాయన రాసింది కదండీ? ఫోటో కూడా ఉంటేనూ..."

"ఫోటో ఆయనది. రాసేది నేను. కింద ఇంకో పేరా ఉంది, ప్రకటనకి చోటు లేక తీసేశారు. ఈయన మా నాన్న."

టైపిస్టు కొంగు దించింది. "ఏముందమ్మా ఆ పేరాలో?"

ఆమె చెప్పింది. తమ్ముడితో తగువు, ఆరో అంతస్తు, గ్రౌండ్ ఫ్లోర్ అండీ. క్షమాపణలాగా చెబితే ఎంత బాగా కూర్చిన జోకైనా చచ్చిపోతుందని అప్పటికి ఆమెకి తెలియదు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే తలెత్తి, తలుపు పైన మారుతున్న అంకెలకేసి చూడటం మొదలుపెట్టారు. గుమాస్తాలూ చూశారు. గోక్కునే ఆయన చెయ్యి ఆపి మరీ చూశాడు. అంతమందిలోనూ తలుపుకేసి చూస్తున్నవాళ్ళు ఇద్దరే.

"ఐదు," అన్నాడు నాన్న.

గుమాస్తాలు దిగారు. వెనకవాడు దిగుతూ కాగితం మూల పట్టి లాగాడు. సగం చిరిగి చేతికొచ్చింది. మిగతా సగంలో పెద్దాయన ఫోటో నవ్వుతూ ఉండిపోయింది. టైపిస్టు దిగేముందు ఆమె భుజం తట్టి వెళ్ళింది. మిగతావాళ్ళు కూడా, వాళ్ళ అంతస్తు అవునో కాదో గానీ, అక్కడే దిగిపోయారు.

నాన్న తలుపు మూశాడు. మీట నొక్కలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది. ఎవరికీ చెప్పొద్దన్నారు. చెబితే పోస్టు ఇవ్వరట."

"ఏడాదిగా నేను చదివి నవ్వినవన్నీ నీవేనా?"

"ఊఁ."

నాన్న కాసేపు మీటలకేసి చూస్తూ లెక్కేసుకున్నాడు. "గొడుగు మర్చిపోయి, ఆ గొడుగు వెతకడానికి ఇంకో గొడుగు వేసుకెళ్ళి, దాన్నీ మర్చిపోయొచ్చినాయన?"

"మామయ్య."

"మీ అమ్మతో అనకు. వాళ్ళ తమ్ముణ్ణంటే ఊరుకోదు." భుజాలు ఎగరబోయాయి. ఎగరనివ్వలేదు. "నన్ను ముందు అడగాల్సింది తల్లీ," అన్నాడు.

"అడిగితే రాయనిచ్చేవాడివా?"

"ఇచ్చేవాణ్ణి కాదు." మీట నొక్కాడు. "అయినా అడగాల్సింది."

ఆమె పైదాకా వెళ్ళలేదు. కిందికే వచ్చింది. కింద వరసలో నిలబడ్డవాళ్ళు దారి ఇచ్చారు.

*

ఆ బిల్డింగులోనే ప్రకటనల ఏజెంటు ఆఫీసు ఒకటుంది. మధ్యాహ్నానికే కబురు ఎడిటరుకి చేరింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి.

"పెద్దాయన పాతవి మళ్ళీ వేసుకుంటాం. తర్వాత ఎవర్నైనా చూసుకుంటాం. నువ్వు ప్రూఫులు చూసుకో," అన్నాడు కాగితాల మీంచి తలెత్తకుండా. "లోపలి గదిలో కూర్చో. చిన్న ప్రకటనల పేజీ, సంతాపాల పేజీ నీవి."

లోపలి గదికి కిటికీ లేదు. పాత కుర్చీ, దాని మీద ఇంకెవరిదో దిండు. ఆ సాయంత్రం దాకా పోయినవాళ్ళ పేర్లలో ఒత్తులు సరిచేసింది. ఈ పని ఇంక ఎన్నాళ్ళో, దీన్ని వదిలితే ఇంకొకటి దొరుకుతుందో లేదో తెలియదు. దిండు కిందికి జారిపోతుంటే సర్దుకుంటూ కూర్చుంది.

ఇంట్లో నాన్న గోరువెచ్చని నీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని ఉన్నాడు. మెట్ల కింది స్టూలుని గుమాస్తాల్లో ఒకడు తెచ్చి లిఫ్టులో పెట్టాడట. మాట్లాడకుండా పెట్టి వెళ్ళాడట. "కూర్చున్నారా మరి?" అంది అమ్మ. "ఇవాళ కూర్చోలేదు," అన్నాడు నాన్న. "రేపు చూద్దాం."

ఆమె చెప్పులు విడిచి గోడవారగా కూలబడింది.

"వచ్చేవారం నుంచి నేను రాయను నాన్నా. తీసేశారు."

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. "పోస్టో?"

"అదీ లేదు."

నాన్న బకెట్లో వేళ్ళు కదిపాడు. నీళ్ళు కొంచెం చిందాయి.

"మరి ఆ పావు పేజీ ఎవరు రాస్తారు?"

"ఎవర్నో చూసుకుంటారట. కొత్తవాళ్ళని."

"వాళ్ళకి మన ఇల్లు తెలియదుగా?"

"తెలియదు."

నాన్న ఒక పాదం తీసి తువ్వాలు మీద పెట్టుకున్నాడు. నిదానంగా వేలు వేలు తుడుచుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

"అయితే పాపం, వాళ్ళకిప్పుడు కావాల్సింది ఇంకో నాన్న."